అవార్డుకి దరఖాస్తు రాసేవాళ్లకి ఓ బాబాయి ఉత్తరం

చి.సౌ. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

చిన్న వ్యాపారుల్ని నిలబెట్టే మీ సంస్థ తరఫున జాతీయ అవార్డుకి పెడదామని నువ్వు రాసిన డ్రాఫ్టు చదివాను. మొదటి పేజీలోనే జ్యోతి ప్రజ్వలన ఫోటో. ఆ తర్వాత శాలువాలు, బ్యానర్లు, ఎన్ని శిక్షణ తరగతులు పెట్టారు, ఎంతమంది వచ్చారు. పరిశ్రమల శాఖలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఫైళ్లు కట్టలకొద్దీ చూశాను. పైన పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో పోల్చుకోలేం.

ముందు ఏ అవార్డుకో తేల్చుకోండి. జాతీయ స్టార్టప్ అవార్డుల పేరు గట్టిగా వినబడుతుంది, 2020లో మొదటిసారి ఇచ్చినప్పుడు ఇంక్యుబేటర్‌కి, అంటే కొత్త కంపెనీలకి చేయూతనిచ్చే సంస్థకి, 15 లక్షల బహుమతి పెట్టారు. కానీ మీ దగ్గరికొచ్చేది పచ్చళ్లవాళ్లు, పూతరేకులవాళ్లు. మీకు నప్పేది కేంద్ర నైపుణ్యాభివృద్ధి శాఖ 2016లో మొదలుపెట్టిన జాతీయ ఎంట్రప్రెన్యూర్‌షిప్ అవార్డులు. వాటిలో వ్యాపారులకే కాదు, వాళ్లని నిలబెట్టే సంస్థలకీ, దారి చూపే మెంటార్లకీ విడిగా విభాగాలు పెట్టారు. 2019లో సంస్థలకి ప్రకటించిన నగదు 10 లక్షలు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కొత్త ప్రకటన చూసుకునే రాయండి, వాట్సాప్‌లో తిరిగే పాత పీడీఎఫ్‌ని నమ్ముకోవద్దు.

మీరు ఎంత కష్టపడ్డారో జ్యూరీకి అక్కర్లేదమ్మా. మీ చెయ్యి పడ్డాక అవతలివాళ్ల వ్యాపారంలో ఏం కదిలిందో చూస్తారు.

ఆత్రేయపురం పూతరేకులావిడ సంగతి నీ డ్రాఫ్టులో ఒక్క లైనులో ఉంది. 'ప్యాకింగ్‌లో శిక్షణ ఇచ్చి ఆదాయం పెంచాం' అని. ఎంత పెంచారు? ఇదివరకు ఆవిడ కుండ మీద రేకులు తీసి దుకాణాలకి ఇచ్చేది. ఇప్పుడు తనే చుట్టి, తన పేరున్న డబ్బాల్లో అమ్ముతోంది. మరి అప్పుడు వంద రేకులకి ఎంత ముట్టేది? ఇప్పుడు బియ్యం, నెయ్యి, బెల్లం, డబ్బా, పార్సిల్ ఖర్చు పోను డబ్బాకి ఎంత మిగులుతోంది? ఆవిణ్ణి కూర్చోబెట్టి లెక్క కట్టించు. నోటిమాట చాలదు. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్, తిండి సరుకులు అమ్మడానికి తీసుకునే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, పాస్‌బుక్ పేజీలు తీసుకుని, వాటి పక్కన మీరు ఆవిణ్ణి మొదట కలిసిన తేదీ వెయ్యి. దానికి ముందు ఆర్నెల్ల లెక్క, తర్వాత ఏడాది లెక్క. చూసేవాడికి ఇంకేమీ చెప్పక్కర్లేదు. అన్నట్టు, ఈ కాగితాలు వాడుకోవడానికి ఆవిడ సంతకం తీసుకో, ఆధార్ నంబరు కనబడకుండా కొట్టెయ్.

ఇక్కడో మెలిక ఉంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అన్న ప్రభుత్వ ముద్ర. ఆ పేరుతో పెరిగిన గిరాకీని కూడా మీ ఖాతాలో రాసుకుంటే, జ్యూరీలో ఒక్కరు గట్టిగా అడిగినా దొరికిపోతారు. అందుకే మీ శిక్షణకి రాని ఇద్దరు ముగ్గురు తయారీదార్ల లెక్కలు కూడా అడుగు. పేరు బయటపెట్టబోమని చెబితే ఇస్తారు. వాళ్లకీ మీవాళ్లకీ ఉన్న తేడాయే మీది.

చిన్న ఆహార తయారీ యూనిట్లకి కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం సంగతీ అంతే. ఆ 35 శాతం సబ్సిడీ ఇచ్చేది ప్రభుత్వం. 'మేం ఇప్పించిన సబ్సిడీ' అని నువ్వు లక్షలు కూడిన టేబుల్ చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. మీరు చేసింది డీపీఆర్, అంటే లోను కోసం బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టు, రాయించడం, బ్యాంకువాళ్లు వేసిన కొర్రీలకి ఓపిగ్గా జవాబులు పెట్టించడం. వెనక్కొచ్చిన దరఖాస్తుల్లో ఎన్ని మళ్లీ వెళ్లి పాసయ్యాయో రాయి. ఆ పని ఎంత విసుగో నాకు తెలుసు, తెలిసినవాళ్లు జ్యూరీలోనూ ఉంటారు.

మూతబడ్డ యూనిట్లని దాచొద్దు. ఎందుకు మూతబడ్డాయో రెండు ముక్కల్లో చెప్పండి. అందరూ బాగుపడ్డారని రాసిన ఫైలు మీదే నాకు ఎప్పుడూ అనుమానం వచ్చేది.

గ్రాంటు ఆగిపోతే మీ సంస్థ ఎలా నడుస్తుందని అడిగే అవకాశం ఎక్కువ. దానికి నువ్వు రాయకు, మీ సెక్రటరీ గారిచేత రాయించు. ఆయన దగ్గర జవాబు లేకపోతే అది ఇప్పుడే బయటపడటం మంచిది.

ఆఖరి రోజు పోర్టల్ మొరాయిస్తుంది, రెండ్రోజుల ముందే ఎక్కించెయ్యండి. అంతకన్నా ముందు కొత్త డ్రాఫ్టు నాకు పంపు, ఈసారి ప్రింటు తీసి కొరియర్‌లో. ఫోన్లో ఆ అంకెలు నాకు ఆనడం లేదు.

ఇట్లు,
మీ బాబాయి