బాస్ రావట్లేదని ఇయర్‌ఫోన్స్ మార్చే ముందు రబ్బర్లు మార్చి చూడండి

మీరు అడిగింది ఇది: పదిహేను వందలు పెట్టి కొన్న ఇన్-ఇయర్‌లో బాస్ పల్చగా ఉంది, కుడి చెవిలోది నడుస్తుంటే జారిపోతోంది, రోజూ మెట్రోలో గంటసేపు వింటాను, రెండు వేల లోపు మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ జీరో 2, టాంగ్‌జు వానర్‌లలో ఏది కొనాలి అని. ఈ మూడూ మా ఇంట్లో ఉన్నాయి, వాటి సంగతి కింద చెబుతాను. కానీ మీ ప్రశ్నలో నా కన్ను ముందు పడింది "కుడి చెవిలోది జారిపోతోంది" అన్న మాట మీద. మీ బాస్ పోతున్నది కూడా అక్కడే అని నా గట్టి నమ్మకం. కొత్త జత కొన్నా చెవిలోకి వెళ్లే దాని చివరి రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే మళ్లీ ఇదే ప్రశ్న అడగాల్సి వస్తుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే నాకు ఇదే జరిగింది. చిన్నప్పుడు రాజమండ్రిలో ఆరేళ్లు మృదంగం నేర్చుకున్నాను. ఆ అలవాటుతో ఏ ఇయర్‌ఫోన్ చేతికొచ్చినా మొదట ఒక కచేరీ రికార్డింగ్‌లోని తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం, పెట్టి వింటాను. మృదంగానికి కుడివైపు నల్లటి కరణి ఉంటుంది, అక్కడ నాదం గంటలా ఖంగుమంటుంది. ఎడమవైపు తొప్పి. కచేరీకి ముందు దాని మధ్యలో తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు, ఆ బరువుతో శబ్దం కిందికి దిగి గుమ్‌మని వస్తుంది. ఎడమ చేత్తో చర్మాన్ని నొక్కి రుద్దుతూ తీసే గుమికి మృదంగానికి ప్రాణం. ఇయర్‌ఫోన్ చెవిలో వదులుగా ఉంటే అన్నిటికంటే ముందు మాయమయ్యేది ఆ తొప్పే.

2020లో మొదటిసారి ఒక చైనా కంపెనీ జత కొన్నాను. లోహపు బాడీ, చెవిలోకి వెళ్లే గొట్టం కాస్త పొట్టి. బాస్ అదిరిపోతుందని అందరూ చెబితే కొన్నది. నాకు మాత్రం తొప్పి దెబ్బ బల్ల మీద వేళ్లతో కొట్టినట్టు పొడిగా వినిపించింది. రెండు వారాలు ఫోన్లో ఈక్వలైజర్ పెట్టి బాస్ పెంచాను. ఎంత పెంచినా గరగర వచ్చిందే తప్ప గుమ్మనలేదు. విసుగొచ్చి మా బాబాయి కొడుక్కి ఇచ్చేశాను. మూడు నెలల తర్వాత వాడి రూముకి వెళితే, "అన్నా, నువ్విచ్చినవి భలే ఉన్నాయి" అన్నాడు. నమ్మలేక పెట్టుకుని చూశాను. నా ఫోనే, నా రికార్డింగే. కానీ గుమికి మొదలవగానే దవడ దాకా తెలిసింది. వాడు చేసిందల్లా పాత సోనీ ఇయర్‌ఫోన్స్ రబ్బర్లు పీకి వీటికి తొడగడం. డబ్బాలో వచ్చిన మీడియం రబ్బరు నా చెవికి చాలడం లేదని నాకు అప్పటిదాకా తట్టలేదు.

దీని వెనక సంగతి చాలా సులువు. చెవి నాళం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం, దాని చివర కర్ణభేరి. ఇయర్‌ఫోన్ దాని నోరు పూర్తిగా మూస్తే లోపల కాసింత గాలి బందీ అవుతుంది. డ్రైవర్, అంటే లోపలి చిన్న స్పీకర్, దాని పొర ముందుకీ వెనక్కీ కదిలినప్పుడల్లా ఆ గాలి నొక్కుకుని నేరుగా కర్ణభేరిని తోస్తుంది. పది మిల్లీమీటర్ల చిన్న పొరతో అంత లోతైన బాస్ వచ్చేది అందుకే. రబ్బరు పక్కన వెంట్రుకంత సందు ఉన్నా చాలు, నెమ్మదిగా కదిలే బాస్ తరంగాల ఒత్తిడి ఆ సందులోంచి బయటికి పోతుంది. పైస్థాయి శబ్దాలకు పెద్ద తేడా రాదు, అవి అలాగే ఉంటాయి. కింద లేనప్పుడు పైది మరీ కొట్టొచ్చినట్టు వినిపించి, మొత్తం రేకు డబ్బాలో పాడినట్టు ఉంటుంది. ఇలాంటప్పుడు ఈక్వలైజర్‌తో బాస్ పెంచడం చిల్లు కుండలో ఇంకా నీళ్లు పోయడమే.

మీకు సీల్ పడిందో లేదో, అంటే గాలి పోకుండా చెవి మూసుకుందో లేదో, తెలుసుకోవడానికి ఏ యాపూ అక్కర్లేదు. రెండూ పెట్టుకుని, పాట ఆపేసి, నోరు మూసుకుని "మ్..." అని కూనిరాగం తీయండి. మీ గొంతు రెండు చెవుల్లోనూ సమానంగా, తల లోపల బిందెలో మోగినట్టు వినిపించాలి. ఒకవైపు మోగి ఇంకోవైపు మామూలుగా ఉంటే, మామూలుగా ఉన్నవైపు గాలి పోతోందని అర్థం. తర్వాత పాట పెట్టి ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లిగా లోపలికి నొక్కండి. నొక్కగానే బాస్ పెరిగితే రబ్బరు చిన్నదైనట్టు, లేదా లోపలికి చాలినంత వెళ్లనట్టు. ఆఖరున నోరు తెరిచి మూయండి, చూయింగ్ గమ్ నమిలినట్టు. దవడ కదిలినప్పుడు నాళం ఆకారం కూడా కొంచెం మారుతుంది. అప్పుడూ బాస్ పోకుండా ఉంటేనే ఆ సైజు మీది.

ఇక్కడే చాలామంది తప్పిపోయే విషయం ఒకటుంది. రెండు చెవులూ ఒకే సైజు ఉండాలని లేదు. నాకు ఎడమకు మీడియం, కుడికి లార్జ్. మా ఆవిడకు రెండూ స్మాలే, కానీ ఎడమ నాళం కాస్త వంకరగా ఉంటుంది కాబట్టి అటు పొట్టి రబ్బరు కావాలి. మీకు కుడివైపు ఒక్కటే జారుతోందంటే, ఆ ఒక్కదానికి ఒక సైజు పెద్దది తొడగండి. డబ్బాలో ఎలాగూ మూడు సైజులు ఇస్తారు, మిగతావి సొరుగులో పడి ఉంటాయి, వెతకండి.

పెట్టుకునే పద్ధతి కూడా ముఖ్యం. ఎదురు చేత్తో చెవి పైభాగాన్ని పట్టుకుని కొంచెం పైకీ వెనక్కీ లాగితే నాళం తిన్నగా అవుతుంది. అప్పుడు ఇయర్‌ఫోన్‌ని కొద్దిగా తిప్పుతూ లోపలికి పెట్టి చెవి వదిలేయండి. మీరు అడిగిన మోడల్స్ అన్నీ వైరు చెవి మీదుగా వెనక్కి వేసుకోవడానికి చేసినవి, కిందికి వేలాడదీస్తే బరువుకి జారుతూనే ఉంటాయి. చెవి మీదుగా వేస్తే వైరు చొక్కాకి రాసుకున్నప్పుడు వచ్చే బరబర చప్పుడు కూడా తగ్గుతుంది. తీసేటప్పుడు మాత్రం ఒక్కసారిగా పీకకండి. లోపల గాలి పట్టి ఉంటుంది, తిప్పుతూ మెల్లిగా తీయాలి. పెట్టుకునేటప్పుడు టిక్ టిక్ అని చిన్న శబ్దం వస్తే కంగారు పడొద్దు, అది గాలి ఒత్తిడికి డ్రైవర్ పొర వంగే చప్పుడు.

డబ్బాలోవి ఏవీ సరిపడకపోతే విడిగా టిప్స్, అంటే ఈ రబ్బర్లే, కొనండి. మూడు నాలుగు వందల్లో మంచి సిలికాన్ సెట్ వస్తుంది. లోపలి రంధ్రం నాలుగున్నర, ఐదు మిల్లీమీటర్లు ఉన్నవి ఈ తరహా ఇయర్‌ఫోన్స్ నాజిల్స్‌కి, అంటే చెవిలోకి వెళ్లే గొట్టాలకి, పడతాయి, వైర్‌లెస్ బడ్స్ కోసం చేసిన కోలగా ఉండేవి తీసుకోకండి. శబ్దం బయటికొచ్చే చివర రంధ్రం వెడల్పుగా ఉన్న టిప్‌తో పైస్థాయి శబ్దాలు విచ్చుకుని వినిపిస్తాయి, సన్నగా ఉన్నదాంతో అవి కాస్త మెత్తబడి బాస్ ముందుకొస్తుంది. ఫోమ్ టిప్స్ కూడా ఉన్నాయి. వేళ్లతో నలిపి సన్నగా చేసి చెవిలో పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. ఎలాంటి చెవికైనా సీల్ అవుతాయి, మెట్రో మోత బాగా ఆపుతాయి. కానీ పైస్థాయి కొంచెం మందగిస్తుంది, మన ఎండలకీ చెమటకీ కొన్ని నెలల్లోనే గట్టిపడి మార్చాల్సి వస్తుంది. నేను ఫోమ్ వదిలేసి సిలికాన్‌కే వచ్చేశాను.

ఇప్పుడు ఆ మూడింటి సంగతి. మూడూ ఒక్కో డైనమిక్ డ్రైవర్‌తో (మామూలు స్పీకర్‌లా పొర కదిలే రకం) చేసినవే, మూడింటికీ వైరు ఊడదీసి మార్చుకోవచ్చు. సరైన టిప్స్ పెట్టి ఒకే ఫోనులో, ఒకే వాల్యూమ్‌లో విన్నాక చెబుతున్నాను.

చూ 2 చిన్నది. లోహపు బాడీ కాబట్టి చేతిలో బరువు తెలుస్తుంది, కానీ చెవి దొప్పలో ఇమిడిపోతుంది. చెవులు చిన్నగా ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే, మా ఆవిడ వాడేదీ ఇదే. ఆడవాళ్ల గొంతు, వయొలిన్, వీణ మీటు ముందుకొచ్చి స్పష్టంగా వినిపిస్తాయి. తొప్పి ఉంటుంది, కానీ ఎంత కొడితే అంతే ఉంటుంది, ఊరికే ఉబ్బదు.

జీరో 2 ఆన్‌లైన్‌లో ఇయర్‌ఫోన్స్ రివ్యూలు చేసే క్రినాకిల్‌తో కలిసి 2023లో ట్యూన్ చేసి తెచ్చినది. దీనికి ముందు వచ్చిన జీరోలో బాస్ పొదుపుగా ఉండేది, ఇందులో అడుగు బాస్ బాగా పెంచారు. గుమికి తీసినప్పుడు కిందికి జారే ఆ శబ్దం చివరిదాకా వినిపించేది దీంట్లోనే. బాస్ ఎక్కువైనా గొంతు మీద దుప్పటి కప్పినట్టు ఉండదు, నాకు అదే నచ్చింది. బాడీ చూ 2 కంటే పెద్దది, నా చెవికి ఇబ్బంది లేదు.

వానర్‌కి ఆ పేరు చైనాలో టాంగ్ వంశ కాలపు కవయిత్రి షాంగ్‌గ్వాన్ వానర్ నుంచి వచ్చింది. ప్లాస్టిక్ బాడీ, చాలా తేలిక. దీని తీరు వెచ్చగా, మెత్తగా ఉంటుంది. ఇది ఇప్పుడు మా నాన్నగారి దగ్గర ఉంది. ఆయన పాత పద్యనాటకాల రికార్డింగులు వింటారు. ఆ రోజుల్లో నటులు మైకు లేకపోయినా ఆఖరి వరసకి వినబడాలని పై షడ్జం అందుకుని రాగం లాగేవారు, పక్కన హార్మోనియం. మన చెవి రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య చాలా చురుగ్గా ఉంటుంది. పాత రికార్డింగుల్లో ఆ భాగమే దట్టంగా ఉండి, స్పష్టత ఎక్కువున్న ఇయర్‌ఫోన్‌లో చెవిలో గుచ్చుకుంటుంది. వానర్‌లో అది గుచ్చుకోదు. నాన్నగారు గంటన్నర నాటకం మధ్యలో తీయకుండా విన్నారు, అంతకుముందు అరగంటకే తీసి పక్కన పెట్టేసేవారు.

వెయ్యి లోపు కేజెడ్ అనే చైనా కంపెనీ వాళ్ల జతలు కూడా చాలా దొరుకుతాయి. బాస్, పైస్థాయి రెండూ లేపి గొంతు కాస్త వెనక్కి ఉంచే శైలి చాలా మోడల్స్‌లో కనిపిస్తుంది. డప్పు పాటలు, సినిమా బీట్లు ఎక్కువ వినేవాళ్లకి హుషారుగానే ఉంటాయి. నేను వినేవాటికి అంతగా పడలేదు.

మీరు మెట్రోలో గంట వింటారన్నారు కాబట్టి సీల్ గురించి ఇంకొక్క కారణం చెప్పాలి. నేను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వైపు రోజూ వెళ్తాను. రైలు మోతలో ఎక్కువ భాగం కింది స్థాయిదే, అది సరిగ్గా బాస్ మీదే పడి దాన్ని మింగేస్తుంది. సీల్ లేనివాళ్లు వెంటనే వాల్యూమ్ పెంచుతారు. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, అదీ సగటున 80 డెసిబెల్స్ మించకుండా వినడం సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగానికి పడిపోతాయి. వదులు రబ్బర్లతో నేను ఫోనులో వాల్యూమ్ ముప్పావు దాకా తోసేవాణ్ని, ఇప్పుడు అదే కోచ్‌లో సగం దగ్గరే సరిపోతోంది. కానీ ఇంత బాగా మూసే వస్తువుని చెవిలో పెట్టుకుని స్టేషన్ దిగి రోడ్డు దాటొద్దు, బండి అసలే నడపొద్దు. వెనక లారీ హారన్ కూడా వినబడదు.

ఇంకో చిన్న విషయం. నాలుగైదు నెలలు వాడాక ఒకవైపు శబ్దం తగ్గితే పాడైందని పారేయకండి. నాజిల్ చివర సన్నటి జాలీ ఉంటుంది, దాని మీద గుబిలి, చెమట తడి పట్టి మూసుకుపోతుంది. రబ్బరు తీసి, జాలీని కిందివైపు పెట్టి మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. సూదితో పొడవకండి, చిరిగిపోతుంది. రబ్బర్లు వారానికోసారి సబ్బు నీళ్లలో కడిగి పూర్తిగా ఆరాక తొడగండి.

మీ ఫోనుకి 3.5 జాక్ లేకపోతే లోపల డాక్ (ఫోనులోని డిజిటల్ సంకేతాన్ని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చే శబ్ద సంకేతంగా మార్చే చిప్) ఉన్న టైప్-సి కన్వర్టర్ తీసుకోండి. వంద రూపాయల మామూలు కన్వర్టర్లు కొన్ని ఫోన్లలోనే పనిచేస్తాయి. కాల్స్ మాట్లాడతారా లేదా మీరు రాయలేదు. మాట్లాడేట్టయితే ఆర్డర్ చేసేటప్పుడు మైక్ ఉన్న రకం ఎంచుకోండి, మైక్ ఉన్నదీ లేనిదీ తరచూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి, చూసుకోకుండా నొక్కేస్తాం.

కాబట్టి ఈ వారం ఏమీ కొనకండి. కుడివైపు పెద్ద రబ్బరు తొడిగి, కూనిరాగం తీసి చూడండి. బాస్ వచ్చి కూడా ఇంకా తక్కువనిపిస్తే జీరో 2, పాత పాటలు ఎక్కువ వింటే వానర్, ఏది పెట్టినా చెవి దొప్ప నొప్పెడితే చూ 2. రబ్బరు మార్చాక కుడివైపు ఏమైందో ఇక్కడే కింద రాయండి. అప్పటికీ జారుతుంటే మీ చెవికి పొట్టి టిప్ కావాలో పొడుగుది కావాలో ఇద్దరం కలిసి చూద్దాం.