ఫ్రిజ్ కంప్లైంట్ మళ్లీ తెరిపించొచ్చన్నా

అన్నా, మెకానిక్ గ్యాస్ అయిపోయిందన్నాడని, మీరు కాదనేసరికి ఓటీపీ తీసుకుని వెళ్లిపోయాడని, తర్వాత యాప్‌లో "పని పూర్తయింది" అని వచ్చిందని రాశారు. పొరపాటు ఆ ఓటీపీ దగ్గరే జరిగింది. అది మనిషి వచ్చినందుకు కాదు, పని ముగిసినందుకు ఇచ్చేది. మాదీ కడపే, పోయిన ఎండాకాలం నేనూ గుమ్మంలోనే చెప్పేశాను.

కొత్త కంప్లైంట్ పెట్టొద్దు. పాత నంబరే చెప్పి మళ్లీ తెరవమనండి. "కూలింగ్ లేదు" అని ఊరుకోకండి. ఫ్రీజర్‌లో ఐసు గడ్డకడుతోంది, కింద పెరుగు మాత్రం సాయంత్రానికే పులుస్తోంది అన్నారు కదా, ఆ ముక్క అట్లాగే చెప్పాలి. గ్యాస్ పూర్తిగా పోతే ఫ్రీజర్ కూడా చల్లబడదు. మీది ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు దానంతటదే కరిగే రకం) అయితే, ఆ మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటరో సెన్సారో పోయి, గాలి వచ్చే దారిలో మంచు పేరుకుని ఉండొచ్చు. ఒక రోజంతా ఆపి, తలుపు తీసిపెట్టండి. తర్వాత ఆన్ చేస్తే నాలుగు రోజులు బాగా పనిచేసి మళ్లీ మొదటికొస్తే దాదాపు అదే.

ఆ పిల్లోడి మీద మరీ కోపం వద్దులే. ఎండనపడి వచ్చినోడికి ఫోన్‌లో కనిపించేది "నో కూలింగ్" అన్న రెండు ముక్కలే.

కంపెనీ వినకపోతే 1915కి చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. బిల్లు, యాప్ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా కేసు కడపలోనే వేయొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.