ఎలుకల మెదడులో జరిగిందే మా తమ్ముడికీ జరుగుతుందా?

"మా తమ్ముడు చెన్నైలో ఓలాంజపిన్ (స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులకిచ్చే మందు) వాడుతున్నాడు. ఈ మందులు జంతువుల మెదడులో శక్తి తయారీని దెబ్బతీస్తాయని, మెదడు కుంచించుకుపోతుందని ఎక్కడో చదివాం. అమ్మ మందు మానిపించేద్దాం అంటోంది" అని రాశారు.

ముందు అమ్మగారికి ఒక్క మాట చెప్పండి, మందు ఉన్నట్టుండి ఆపొద్దు. ఆపేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం చాలా ఎక్కువ. ఇది ఎలుకల్లో కాదు, మనుషుల్లోనే పదేపదే చూసిన విషయం. డోసు తగ్గించాలన్నా, మందు మార్చాలన్నా సైకియాట్రిస్టుతోనే తేల్చుకోవాలి. నేను డాక్టర్ని కాను. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు ఇవే మందులు ఎలుకలకిచ్చి మెదళ్లు పరీక్షించాను, అందుకే ఆ సంగతి వరకు చెప్పగలను.

మీరు చదివింది అబద్ధమేమీ కాదు. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా, ఖర్చయ్యే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఆ శక్తి ఎక్కువగా కణాల్లో ఉండే మైటోకాండ్రియా అనే చిన్న చిన్న భాగాల్లో తయారవుతుంది. అక్కడ వరుసగా పనిచేసే ప్రోటీన్ సముదాయాల్లో మొదటిదాని పేరు కాంప్లెక్స్ 1. ఓలాంజపిన్ కోవకే చెందిన హాలోపెరిడాల్ అనే పాత మందు దాన్ని అడ్డుకుంటుందని 1990ల నుంచీ పేపర్లు వస్తున్నాయి. అదే కోవలోని క్లోజపిన్ అంత గట్టిగా అడ్డుకోదు.

మేమూ అదే కొలిచేవాళ్లం. ఎలుక మెదడులో స్ట్రయేటమ్ అనే భాగాన్ని ఐసు మీద పెట్టి కోయాలి, ఒక్కో పక్కది శనగగింజంత కూడా ఉండదు. దాన్ని నూరి, శుద్ధి చేసి, కాంప్లెక్స్ 1 ఖర్చుచేసే ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థం కలిపి, కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 340 నానోమీటర్ల దగ్గర గీత దిగుతుందా లేదా అని కళ్లు కాయలు కాసేలా చూడాలి. కాంప్లెక్స్ 1 పనిచేస్తుంటే గీత దిగుతుంది. చివర్లో రొటెనోన్ వేస్తాం. అది పురుగుల మందు, కాంప్లెక్స్ 1ని మూసేస్తుంది. ఆ తర్వాత కూడా గీత ఇంకా దిగుతోందంటే అది వేరే ఎంజైముల పని, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఈ తీసివేత చేయని పేపర్ని నేను పక్కన పెట్టేస్తాను.

ఇంకో చిక్కేమిటంటే, ఎలుక ప్రాణం పోయిన కొద్ది సెకన్లలోనే మెదడులో ఏటీపీ (కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థం) పడిపోతుంది, ఆక్సిజన్ అందనప్పుడు పోగయ్యే లాక్టేట్ పెరుగుతుంది. అందుకే వాటిని కొలిచేవాళ్లు మెదడును క్షణాల్లో గడ్డకట్టించడమో, ప్రత్యేకమైన మైక్రోవేవ్ యంత్రంతో ఎంజైములను ఆపేయడమో చేస్తారు. అలా చేయకపోతే మందు ప్రభావమేదో, చావు ప్రభావమేదో తేలదు.

అన్నిటికంటే ముందు నేను చూసేది డోసు. హాలోపెరిడాల్ మనిషి ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఎలుకలో రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. రోజుకో ఇంజెక్షన్ ఇస్తే కాసేపు మందు మరీ ఎక్కువ, మిగతా రోజంతా దాదాపు సున్నా. మనిషి మాత్రలు వేసుకునే తీరుకూ దీనికీ పొంతన లేదు. చర్మం కింద చిన్న పంపు పెట్టి మందు నిలకడగా ఇచ్చిన ప్రయోగాలు దీనికంటే నయం.

డోసు ఎక్కువైన ఎలుకను చూస్తే విషయం అర్థమవుతుంది. ముందు కాళ్లు అడ్డకడ్డీ మీద పెడితే మామూలు ఎలుక వెంటనే దిగిపోతుంది. ఇది అలాగే నిలబడిపోతుంది, మీసాలు మాత్రం కదులుతుంటాయి. అలా కదలకుండా ఉన్న జంతువు మెదడు గ్లూకోజ్ తక్కువ వాడిందంటే, మందు మైటోకాండ్రియాను పాడుచేసిందా, లేక ఆ భాగాలకు పనే లేదా? 1977లో లూయీ సొకొలాఫ్ బృందం ప్రచురించిన డీఆక్సీగ్లూకోజ్ పద్ధతితో మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజ్ వాడుతోందో చూడొచ్చు. దాంతో చూస్తే హాలోపెరిడాల్ అన్నిచోట్లా వాడకాన్ని తగ్గించదు. లాటరల్ హబెన్యులా అనే భాగంలో పెంచుతుంది కూడా.

ఇన్ని పేచీలు పెట్టినా, ఒక ప్రయోగాన్ని మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. 2005లో వచ్చింది, మకాక్ కోతుల మీద చేశారు. రక్తంలో మందు రోగుల్లో ఉండేంత స్థాయిలోనే ఉండేలా చూసుకుంటూ 17 నుంచి 27 నెలలు హాలోపెరిడాల్ గానీ ఓలాంజపిన్ గానీ ఇచ్చారు. మందు తీసుకున్న కోతుల మెదళ్లు 8 నుంచి 11 శాతం చిన్నగా ఉన్నాయి. ఆ కోతులకు స్కిజోఫ్రీనియా లేదు కాబట్టి నెపం జబ్బు మీద నెట్టలేం. తర్వాత అవే మెదళ్లలో ఒక భాగాన్ని లెక్కపెడితే బాగా తగ్గినవి ఆస్ట్రోసైట్లు, అంటే న్యూరాన్లకు ఆహారం అందించడంలో సాయపడే కణాలు. ఎలుకల్లో అయితే మందు ఆపాక కుంచించుకుపోయిన భాగం కొంత తిరిగి పెరిగిందని కూడా చూశారు. కోతుల్లో తగ్గింది కదా అని మీ తమ్ముడి తెలివి తగ్గుతుందని కాదు. జబ్బు ముదిరితే మెదడుకు జరిగే నష్టాన్నీ తూకంలో వేసుకోవాలి.

మీరు పట్టించుకోవాల్సింది నిజానికి మెదడు కంటే ముందు ఒంట్లో షుగర్. ఓలాంజపిన్ బరువు పెరగకముందే జంతువుల రక్తంలో గ్లూకోజ్ పెంచుతుంది. ఎలుకల్లో బరువు పెరిగేవి ముఖ్యంగా ఆడవి. మా యానిమల్ హౌస్ చూసుకునే కోలార్ అన్న తూకం వేయకుండానే "ఇది మందు ఎలుక మేడమ్" అనేవాడు. మగ ఎలుకల్లో అది అంతగా కనిపించదు. మనుషుల్లో అయితే ఆ తేడా నమ్ముకోవద్దు, మగవాళ్లూ బాగా లావవుతారు.

ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు బరువు, నడుము కొలత, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రాయించుకోండి. మందు మొదలుపెట్టినప్పటివి ఉంటే పక్కన పెట్టి పోల్చమనండి. మొదటి మూడు నెలల్లో బరువు నెలనెలా, మూడో నెలలో రక్తపరీక్ష, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి చూడటం మామూలు పద్ధతి. అంకెలు పెరుగుతుంటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు కలపడమా, వేరే మందుకు నెమ్మదిగా మారడమా అని డాక్టర్ని సూటిగా అడగండి. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఆవిడ అనుమానం ఆవిడే అడగాలి.