సూదితో బావి

తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చదువు మీద ఉజ్బెక్, ఇంగ్లీషు సామెతలు చాలానే పోగేశావు. చివర్న "ఉజ్బెకులకు గురుభక్తి, ఇంగ్లీషువాళ్లకు ఉద్యోగం" అని తేల్చేశావు. అక్కడే నాకు మనసొప్పలేదు. సామెతలు చేతిలో ఉంటే ఎవరి గురించైనా ఏదైనా రుజువు చేసెయ్యొచ్చు. గురువు తండ్రంత గొప్పవాడని ఉజ్బెక్ సామెత ఉంది, నిజమే. బెత్తం పక్కన పెడితే పిల్లాడు చెడతాడని ఇంగ్లీషులోనూ ఉందిగా, దాన్నెందుకు వదిలేశావు?

రోజూ వాడే మాటలు విప్పి చూడు. ఉజ్బెక్‌లో 'ఓకిమోక్' అంటే చదవడం. పుస్తకం చదవడమూ అదే, కాలేజీలో చదవడమూ అదే. అందులోంచే 'ఓకువ్చి', అంటే చదివేవాడు, విద్యార్థి. 'ఓకితువ్చి' అంటే చదివించేవాడు, టీచరు. ఇంగ్లీషులో రీడ్ వేరు, స్టడీ వేరు. టీచ్ అనే మాటకు మొదట్లో అర్థం చూపించడం. తెలుగువాళ్లకు ఈ తేడా చెప్పడం ఎంత తేలికో! "మీ అబ్బాయి ఏం చదువుతున్నాడు?" అంటే బీటెక్ అంటాం గానీ పుస్తకం పేరు చెప్పం కదా. తెలుగులో రాస్తూ నువ్వు మన 'చదువు'నే మర్చిపోయావు.

ఉజ్బెక్‌లోనే ఇంకో జంట మాటలున్నాయి. 'తాలిమ్' అంటే పాఠం నేర్పడం, 'తర్బియా' అంటే మనిషిగా పెంచడం. మనం విద్యాబుద్ధులు అన్నట్టే వాళ్లు రెండూ కలిపి తాలిమ్-తర్బియా అంటారు. రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. ఆ తాలిమే మన తాలింఖానాలోనూ (కసరత్తు నేర్పే చోటు) ఉంది. ఇంగ్లీషు ఎడ్యుకేషన్‌ లాటిన్ మూలంలోనూ పెంచడమనే అర్థం ఉండేది. ఇప్పుడు ఆ మాట ఎక్కువగా బడికే పరిమితమైంది, ఇంటి పెంపకానికి అప్‌బ్రింగింగ్ అనే వేరే మాట ఉంది. ఇది నీ వ్యాసానికి ప్రాణం, ఇక్కడ ఆగి రాయి.

తర్బియా మీద అంత పట్టుదలకు చరిత్ర కూడా ఉంది. రష్యా జార్ల పాలనలో, 1913లో, తాష్కెంట్ సంస్కర్త అబ్దుల్లా అవ్లోనీ తన పాఠ్యపుస్తకంలో తర్బియా మనకు చావుబతుకుల సమస్య అని రాశాడు. బడులు పెట్టి పిల్లలకు చదువు చెప్పిన మనిషి మాట అది. దాన్ని జాతి స్వభావం అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే అన్యాయం.

ఉజ్బెక్ సామెత ఒక్కటి ఉంచుకో: విద్య నేర్వడమంటే సూదితో బావి తవ్వడం. దానికి వివరణ అక్కర్లేదు, అలాగే వదిలెయ్. తిరగరాసి దసరాలోపు పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ
అన్నయ్య