కొండదారికి ముందు నీ కాలికి నేర్పాల్సింది

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

కాలికి కట్టు విప్పేశారనీ, జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద అరగంట ఆపకుండా నడుస్తున్నావనీ, వచ్చే నెల స్నేహితులతో కొండవీడు కోట ఎక్కుతానంటున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంరా. కానీ కొండవీడు మాట ఒక్కటీ నాకు మింగుడు పడలేదు. గుంటూరులో ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేసినదాన్ని, చెబుతున్నా విను. విరిగిన చీలమండకి బలం ముందొస్తుంది, నేలను కనిపెట్టి సర్దుకునే నేర్పు తర్వాతగానీ రాదు. ఆ నేర్పు ఉండేది మెదడులో. ట్రెడ్‌మిల్ దాన్ని నేర్పదు, ఎందుకంటే ప్రతి అడుగుకీ అదే నేల.

నడకలోని లయను చాలావరకు వెన్నుపామే చూసుకుంటుంది. అందుకే నున్నటి గచ్చు మీద ఏ ఆలోచనా లేకుండా నడిచేస్తాం. రాళ్లదారిలో అలా కుదరదు. పాదం ఆనకముందే అక్కడ ఎంత ఎత్తుందో, ఎంత గట్టిగా ఉందో మెదడు అంచనా కట్టి కండరాలను సిద్ధం చేస్తుంది. పాదం ఆనగానే అరికాలి చర్మం, కండరాల్లో సాగుడును పసిగట్టే తంతువులు, ఒంటి తూకం చూసే లోపలి చెవి అసలు సంగతి చెబుతాయి. రెంటికీ తేడా వస్తే చిన్నమెదడు పట్టుకుని తర్వాతి అడుగులను దిద్దుతుంది. రైల్వే స్టేషన్‌లో ఆగిపోయిన ఎస్కలేటర్ ఎక్కి చూడు. అది కదలడం లేదని కళ్లకు తెలుసు, అయినా మొదటి అడుగుకే ఒళ్లు ముందుకు తూలుతుంది. కదిలే మెట్ల కోసం అలవాటైన అంచనా అంత తొందరగా పోదు. నీ మెదడు కూడా వారాల తరబడి కట్టులో బిగిసి ఉన్న కాలికి అలవాటుపడి ఉంది.

రేపు పొద్దున పళ్లు తోముకుంటూ దెబ్బతిన్న కాలి మీద ఒంటికాలిపై నిలబడు. చెయ్యి చాపితే గోడ అందాలి. ఒకసారి పాదం వైపు చూడు. పైన స్నాయువులు ఒకటి లేస్తే ఒకటి దిగుతూ క్షణం ఊరుకోవు, బొటనవేలు నేలను నొక్కుతూ వదులుతూ ఉంటుంది. కాలు వణుకుతోందని కంగారుపడకు, ఒళ్లు పడిపోకుండా మెదడు చేసుకుంటున్న సర్దుబాటే అదంతా. తర్వాత కళ్లు మూసుకో. రెండు కాళ్లకీ ఉన్న తేడా అప్పుడు బయటపడుతుంది. మంచికాలి మీద ఎంతసేపు ఆగగలవో దీనిమీదా అంతసేపు ఆగేదాకా కొండవీడు మాటెత్తకు.

అది కుదిరాక నేల మార్చు. ముందు పార్కులో పచ్చిక, ఆ తర్వాత కృష్ణ ఒడ్డున ఇసుక, చివరికి మీ విజయవాడ గాంధీ కొండ. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తే రోజుల్లో మాత్రం దిగువ ఇసుకలోకి అడుగు పెట్టకు. ఒక్కచోటే తిరిగితే మెదడు ఆ చోటునే నేర్చుకుంటుంది, కాబట్టి దారి మారుస్తూ ఉండు. కాస్త తడబడి వెంటనే నిలదొక్కుకునేంత కష్టం ఉండాలి. అసలు తడబాటే లేని చోట నేర్చుకునేదీ ఉండదు.

కళ్ల సంగతి బాగా గుర్తుపెట్టుకో. దెబ్బ తగిలినవాళ్లు చాలామంది తల వంచుకుని తమ పాదాన్నే చూస్తూ నడుస్తారు. నేలను తాకబోయే కాలిని అప్పుడు చూసి లాభం లేదు, దాని దారి అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది. 2018లో అమెరికాలో కొందరికి చూపును కొలిచే పరికరాలు తగిలించి రాళ్లదారుల్లో నడిపించారు. వాళ్ల చూపు ఎక్కువగా రెండు అంగల ముందున్న నేల మీద, అంటే సుమారు ఒకటిన్నర సెకన్ల తర్వాత పాదం పడే చోట ఉంది. దారి గడ్డుగా ఉన్నచోట నడక నెమ్మదించిందేగానీ ఆ ఒకటిన్నర సెకన్లు పెద్దగా మారలేదు. నువ్వూ అంతే, చూపు ముందుంచి వేగం తగ్గించు. ఫోన్ జేబులోనే ఉండాలి.

భయపడితే చీలమండకి రెండువైపులా కండరాలు ఒకేసారి బిగుసుకుంటాయి. బిగిసిన చీలమండ రాయి వాలుకి ఒదగదు, ఆ వాలంతా ఒంటిని తోసేస్తుంది. మోకాళ్లు కొంచెం వంచి, అడుగు కురచ చేసి, పాదాల మధ్య ఎడం కాస్త పెంచు. మామూలు నడకలో కాలు ముందుకొచ్చేటప్పుడు బొటనవేలు నేలకి ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే పోతుంది, రాళ్లలో అది చాలదు, మోకాలు ఎత్తాల్సిందే. మందపాటి మెత్తటి అడుగున్న బూట్లు వద్దు, నేల కబురు అరికాలికి చేరనివ్వవు.

అలుపు సంగతీ చెప్పాలి. 2.5 సెంటీమీటర్ల వరకూ ఎగుడుదిగుడులున్న బెల్టు మీద నడిపించి చూస్తే, చదును నేలకంటే సుమారు 28 శాతం ఎక్కువ శక్తి ఖర్చయిందని 2013లో తేల్చారు. ట్రెడ్‌మిల్ అరగంటను లెక్కేసుకుని కొండకి అరగంట పెట్టుకోకు. ముఖ్యంగా దిగేటప్పటికి కాళ్లు అలిసి ఉంటాయి, పడేవాళ్లు ఎక్కువగా పడేది అప్పుడే. సగం ఓపిక ఉండగానే వెనక్కి తిరుగు.

మర్నాటికి వాపు వస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లి, అంటే ఇసుక నుంచి పచ్చికకి వచ్చి మళ్లీ మొదలుపెట్టు. కాలు మోపలేనంత నొప్పి వచ్చినా, అరికాలు మొద్దుబారినా డాక్టరు దగ్గరికి వెళ్లడమే, నాకు ఫోన్ చేసి అడగడం కాదు.

మీ నాన్నకి కూడా ఒక మాట చెప్పు. ఆ ప్రోగ్రెసివ్ కళ్లద్దాలతో ఘాట్ మెట్లు దిగొద్దను. కింది భాగం చదువుకోడానికి పెట్టింది, అందులోంచి మెట్టు అంచు మసకగా కనిపిస్తుంది. బయట తిరగడానికి దూరపు చూపుది ఒక్కటే వేరే చేయించుకోమను. డబ్బులు దండగ అంటాడు, వినకపోతే నాకు ఫోనివ్వు, నేను చెబుతాను.

మీ అత్త