టెక్ సందేహాలు: తాటిపూడి పొగమంచు ఫోటోలో బూడిద రంగులోకి ఎందుకు మారుతోంది?

ప్రశ్న: మాది గంట్యాడ. చలికాలం తెల్లారుజామున తాటిపూడి జలాశయం మీద కమ్ముకునే పొగమంచును ఫోన్‌తో తీస్తుంటాను. కంటికి పాలలా కనిపించేది ఫోటోలో మసక బూడిద రంగులో వస్తోంది. లద్దాఖ్‌లోని ద్రాస్‌లో ఆర్మీలో ఉన్న మా తమ్ముడు మంచు కురిశాక పంపే ఫోటోలదీ అదే వరస, పైగా నీలంగా ఉంటాయి. ఫోన్లు మార్చాలా?

జవాబు: అక్కర్లేదండీ. ఫోన్లు బాగానే ఉన్నాయి. ఎదురుగా ఉన్న దృశ్యం సగటున మధ్యరకం బూడిద రంగంత వెలుగుతో ఉంటుందన్న లెక్కతో కెమెరా పనిచేస్తుంది. ఇళ్లు, చెట్లు, మనుషులు కలిసి ఉంటే ఆ లెక్క సరిపోతుంది. ఫ్రేమంతా తెలుపే అయితే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది.

స్క్రీన్‌ను తాకితే కనిపించే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపండి. ప్రో మోడ్ ఉంటే ఈవీ (ఫోటో వెలుతురును పెంచి తగ్గించే సెట్టింగ్) +0.7 నుంచి +1 దాకా పెట్టి చూడండి. ఎండ పడే మంచుకు మీ తమ్ముడికి +1 నుంచి +2 వరకు పట్టొచ్చు. మంచు మీది గీతలు, గుంటలు చెరిగిపోతుంటే మాత్రం తగ్గించాలి. నీడలోని మంచు మీద పడేది నీలాకాశపు వెలుగు, అందుకే ఆ రంగు. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను 'షేడ్'కి మారిస్తే ఆ నీలం తగ్గుతుంది. నేనైతే నీడల్లో కొంచెం నీలం ఉంచేస్తాను, చలి అందులోనే తెలుస్తుంది.

పొగమంచుతో అసలు చిక్కు ఫోకస్. పట్టుకోవడానికి అంచు దొరక్క కెమెరా తడుముకుంటుంది. ఒడ్డున ఏ పడవో, తాటి మానో ఉంటే దాని మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది. ఫోటోకి ప్రాణం కూడా అదే. తడిసి నల్లబడిన పడవ చెక్క దగ్గరగా ఉంటేనే వెనక పొగమంచు తెల్లగా కనిపిస్తుంది. ఆ వెనక చెట్లు పలచబడి, కొండ ఒక్క గీతగా మిగిలితే దూరం దానంతటదే తెలుస్తుంది. ఫ్లాష్ వద్దు, నీటి తుంపరల మీద పడి వెనక్కి కొడుతుంది. ఏఐ సీన్ మోడ్ కూడా ఆపేయండి, కొన్ని ఫోన్లలో అది పొగమంచును మసక అనుకుని తుడిచేస్తుంది. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ యాప్‌లో దిద్దుకుంటే, మసకను తీసేసే 'డీహేజ్'ను మైనస్ వైపే కొద్దిగా జరపండి.

మీ తమ్ముడికి కొన్ని మాటలు. చలికి లిథియం బ్యాటరీ మందగిస్తుంది. చార్జింగ్ గబగబా పడిపోయినా టెన్షన్ వద్దు, వెచ్చబడితే చాలావరకు కోలుకుంటుంది. ఫోన్ లోపలి జేబులో ఉంచుకోవాలి. సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జింగ్ పెట్టకూడదు. వెచ్చటి గదిలోకి వెళ్లేముందే ఫోన్‌ను జిప్ కవర్లో పెట్టి మూసేస్తే, చెమ్మ కవర్ మీదే పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ (ఎక్కడ తీశారో ఫోటోలో నమోదు చేసేది) ఆపేయమనండి. ఆ ప్రాంతంలో ఏది తీయొచ్చో, ఏది బయటికి పంపొచ్చో యూనిట్ నిబంధనల ప్రకారమే నడుచుకోవాలి.