చిన్నా, ముందు పడవ అడుగు విప్పు

చిన్నా,

నువ్వు బాగుచేసుకుందామనుకుంటున్న పాత ఉక్కు పడవ ఫోటోలు రెండుసార్లు చూశాను. అన్నీ బయటివే, లోపలిది ఒక్కటీ లేదు. పక్కల వెంట ఎర్రగా తుప్పు కారుతోందని బెంగపడుతున్నావు కానీ అది గీకి రంగేస్తే పోయేదే. ఉక్కు పడవని ఎక్కువగా తినేది లోపల నిలిచిన నీళ్లు. కాబట్టి రంగు డబ్బాలు కొనకముందే క్యాబిన్ నేల చెక్కలన్నీ ఊడదీసి, బిల్జ్‌లో, అంటే నేల కింద నీళ్లు చేరే గుంటలో, నీళ్లు తోడి, టార్చి పట్టుకుని బోర్లా పడుకుని చూడు. ప్లేట్లని లోపల నుంచి పట్టి ఉంచే పక్కటెముకల్లాంటి ఫ్రేముల అడుగున నీళ్లు పారడానికి చిన్న కన్నాలుంటాయి. అవి మట్టితోనో రంగు పెచ్చులతోనో పూడిపోయాయంటే ఆ ఫ్రేము వెనక ఏళ్ల తరబడి నీళ్లు నిలిచినట్టే. టాయిలెట్ కింద, మంచినీళ్ల ట్యాంకు కింద, లంగరు గొలుసు పడే అరలో, తెరచాప కొయ్య కాలు దిగే చోట కూడా వదలకుండా చూడు.

పెచ్చులు చూసి టెన్షన్ పడకు. ఇనుము తుప్పయితే చాలా రెట్లు ఉబ్బుతుంది, అర సెంటీమీటరు పెచ్చు ఊడొచ్చినా నిజంగా తరిగింది మిల్లీమీటరు లోపే ఉండొచ్చు. అందుకే కంటి అంచనా వద్దు, కొలువు. ప్లేటు మందం చెప్పే అల్ట్రాసోనిక్ మీటరు అద్దెకి తెచ్చుకుని, రూపాయి బిళ్లంత మేర రంగు గీకి, జెల్ రాసి, అడుగుకొక చోట, నీటి గీత దగ్గరా బిల్జ్‌లోనూ జానెడుకొక చోట కొలిచి, సుద్దముక్కతో అక్కడే అంకె వెయ్యి. నీ పడవ సైజు వాటికి మామూలుగా అడుగున 5 లేదా 6 మిల్లీమీటర్లు, పక్కల 4, డెక్‌కి 3 వేస్తారు. నాలుగో వంతు కంటే ఎక్కువ తరిగిన ప్లేటుని నేనైతే ఉంచను. గుంటలు పడిన చోట మీటరు మాట నమ్మలేం, అక్కడ చిప్పింగ్ సుత్తితో కొట్టు. మంచి ప్లేటు ఖంగుమంటుంది, చచ్చిన ప్లేటు మొద్దుగా పలుకుతుంది. సుత్తి దిగబడితే బాధపడకు, ఆ కన్నం ఒడ్డున బయటపడడమే నీ అదృష్టం.

అక్కడి వెల్డర్లలో ఎవరో ఒకరు పాత ప్లేటు మీదే కొత్త ముక్క అతికేద్దాం, సగం ఖర్చుతో అయిపోతుంది అంటారు. ఒప్పుకోకు. విశాఖలో పని నేర్చుకునే రోజుల్లో తొందరలో ఒక ట్రాలర్‌కి నేనూ అలాగే అతికాను. రెండేళ్లకి అది మళ్లీ ఒడ్డెక్కినప్పుడు నేను వేసిన ముక్క బూరెలా ఉబ్బి ఉంది, కోసి చూస్తే రెండు ప్లేట్ల మధ్య నల్లటి బురద, వెనక పాత ప్లేటు లేనే లేదు. ఆ పడవ మీద ఆరుగురు వేటకి వెళ్లేవారు. చెడిన మేర కోసి తీసేసి, అదే మందం ప్లేటు, మూలలు గుండ్రంగా చేసి, సందులో కూర్చోబెట్టి వెల్డ్ చేయాలి. సన్న ప్లేటు కదా, ఒకే ఊపున లాగితే వంకర పోతుంది. ముందు చుట్టూ ట్యాకులు, అంటే చిన్న చిన్న వెల్డు చుక్కలు, వేసి, ఒక జానెడు ఇక్కడ, ఒక జానెడు ఎదురుగా, మధ్యలో చల్లారనిస్తూ చేయించు. వెల్డింగ్ రాడ్లు ఇ7018 రకం అయితే మంచిది, కానీ చెమ్మ తగలకూడదు, ఓవెన్‌లో ఉంచినవే వాడమను.

మంట సంగతి మాత్రం నా మాట కాదనకు. గోడల వెనక పసుపు రంగు ఫోమ్ ఉందన్నావు. బయట వెల్డ్ చేస్తుంటే లోపల అది అంటుకుంటుంది, ఆ పొగ పీల్చినా ప్రాణం పోతుంది. వెల్డ్ పడే చోట నుంచి చుట్టూ బాగా వెడల్పుగా ఫోమ్ తీసేయండి. లోపల ఒక మనిషి నీళ్ల బకెట్లతో, ఆర్పే సిలిండర్‌తో కూర్చోవాలి, పని ఆగాక కూడా కనీసం గంటసేపు కదలకూడదు. డీజిల్ ట్యాంకు దగ్గరైతే ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, లోపల గ్యాస్ లేదని పరీక్ష చేయించాకే. పాత రంగుల్లో సీసం, తారు ఉండొచ్చు, గీకేటప్పుడు మంచి మాస్కు లేకుండా దిగకు.

రంగు గురించి ఎక్కువ చెప్పను. ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగించి, గ్రిట్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రవ్వలు కొట్టి తుప్పు ఊడదీయడం) ఎస్ఏ 2½ దాకా, అంటే దాదాపు శుభ్రమైన లోహం తేలే దాకా, చేయించి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. అంచులకీ వెల్డులకీ ముందు బ్రష్షుతో ఒక పూత, తర్వాత మొత్తానికి.

ఇంకొకటి, నీ పడవ ఉన్న నెదర్లాండ్స్‌లోని ఐసెల్మీర్ 1932లో ఆనకట్ట కట్టాక మంచినీటి సరస్సయింది. అక్కడే ఉంచితే జింక్ ఆనోడ్లు (ప్లేటుకి బదులు తాము కరిగిపోయే లోహపు ముక్కలు) సరిగా పనిచేయవు, మెగ్నీషియం పెట్టు. సముద్రంలోకి మకాం మారిస్తే జింక్‌కి మార్చు. వాటి మీద రంగు పడనివ్వకు. ఒడ్డు నుంచి కరెంటు తీసుకుంటే ఎర్త్ తీగలో చిన్న కరెంట్లని ఆపే గాల్వానిక్ ఐసోలేటర్ తప్పనిసరి, లేదంటే ఆ తీగ ద్వారా పక్క పడవలని కాపాడుతూ నీ ఆనోడ్లు కరిగిపోతాయి, అవి అయ్యాక నీ ప్లేటు వంతు.

ఇంత రాశానని వెనక్కి తగ్గుతావేమో. ఫ్రెంచి నావికుడు మోయిటెస్సియే ఉక్కు పడవ 'జాషువా'ని 1982లో మెక్సికోలో తుఫాను ఒడ్డుకి విసిరేస్తే లోపలంతా ఇసుకా నీళ్లే. దాన్ని ఇద్దరు కుర్రాళ్లు లాగి మళ్లీ తేల్చారు. ఇప్పుడది ఫ్రాన్స్‌లో లా రోషెల్ మ్యూజియం చేతిలో ఉంది. నీ పడవ అంత దెబ్బేమీ తినలేదు.

అంకెలు వేసిన ప్లేట్ల ఫోటోలు పంపు. ఆదివారం వీడియో కాల్‌లో ఏది కోయాలో, ఏది ఉంచాలో ఇద్దరం కలిసి తేలుద్దాం. అప్పటిదాకా గ్రైండర్ ముట్టుకోకు.

మావయ్య